ముల్లు నూట ఇరవై ఎనిమిది దగ్గర ఆగేది

దయ్యాల సంగతి తర్వాత. ముందు నా తెలివి సంగతి చెప్పుకోవాలి.

శ్రీకాకుళం జిల్లాను తీసుకెళ్ళి జమైకా అవతల సముద్రంలో ముంచిన ఘనుణ్ణి నేను. అదీ ఒక ఆదివారం పొద్దున్న, కాఫీ తాగుతూ, కంప్యూటర్లో ఒకే ఒక్క గుర్తు తప్పు కొట్టి. ముంచినవాణ్ణి వెంటనే తేల్చానా అంటే అదీ లేదు. రెండు వారాలు అక్కడే నానబెట్టాను.

ఇది ముందే ఒప్పుకోవడానికి కారణం ఉంది. దయ్యాలను నమ్మేవాళ్ళకు బుర్ర తక్కువని చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో వాదించేవాణ్ణి. నా బుర్ర ఎంతో ఇప్పుడు మీకూ తెలిసింది. నమ్మకం మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. లేకుండానే ఇది రాస్తున్నాను.

నేను విజయనగరంలో ఒక పాలిటెక్నిక్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ అసిస్టెంటుని. తీరిక దొరికితే హ్యామ్ రేడియో. అంటే ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సుతో ఇంట్లోనే చిన్న స్టేషను పెట్టుకుని, ఎక్కడెక్కడి వాళ్ళతోనో మాట్లాడుకునే సరదా. మమ్మల్ని హ్యామ్‌లంటారు. నేను ఎక్కువగా ఇచ్చేవి హామీలు. మీ సెట్టు బాగుచేసే పూచీ నాది అని పలాస నుంచి సాలూరు దాకా ఎంతమందికి చెప్పానో గుర్తులేదు.

ఈ సంగతి జరగడానికి కొన్నేళ్ళ ముందు మన దేశం హ్యామ్‌ల కోసం పంపిన చిన్న ఉపగ్రహం ఒకటి అప్పటికి ఇంకా బతికే ఉంది. పొద్దున్న పదిన్నర ప్రాంతంలో మన వైపు వచ్చేది. నేల మీద నుంచి మనం పంపిన సంకేతాన్ని అందుకుని మళ్ళీ నేలకే వదిలేది. అది ఉన్న ఎత్తు వల్ల ఇక్కడి మనిషి పంపింది వెయ్యి, పన్నెండు వందల కిలోమీటర్ల అవతల కూడా వినబడేది.

చిక్కల్లా అది ఆగదు. ఆకాశంలో ఒక అంచున పొడిచి, పావుగంట తిరగకుండానే ఇంకో అంచున మునిగిపోతుంది. ఆ కాసేపూ మన యాంటెన్నా దాని వెంట తిరగాలి. ఏ క్షణాన ఏ దిక్కున ఉంటుందో కంప్యూటర్లోని సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి ఒక కంట్రోల్ పెట్టెకు చెబుతుంది. పెట్టె డాబా మీది మోటారును తిప్పుతుంది. పెట్టె ముందు భాగంలో గడియారం లాంటి మీటరు, అందులో ఒక ముల్లు. ఉత్తరానికి సున్నా, తూర్పుకు తొంభై, దక్షిణానికి నూట ఎనభై. యాంటెన్నా ఎటు చూస్తే ముల్లు ఆ అంకె చూపిస్తుంది.

యంత్రాంగం అంతే. అది మొరాయిస్తే జనం నన్ను పిలిచేవారు. నన్ను పిలిచాక ఇంకొకరిని పిలిచేవారు.

కళింగపట్నం వెళ్ళమన్నది మా అప్పన్న బావ. సాలూరులో లారీ ఆఫీసు నడుపుతాడు, తనూ హ్యామే. అక్కడ ఆశీర్వాదం మాస్టారని ఒక పెద్దాయన ఉన్నారనీ, నెల రోజులుగా ఆయన యాంటెన్నా కదలడం లేదనీ, గుండె జబ్బు మనిషి కనుక నా మార్కు ఆలస్యం పనికిరాదనీ చెప్పాడు.

మాస్టారు అసలు మాస్టారు కాదు. పాతికేళ్ళు సరుకు ఓడల మీద వైర్‌లెస్ ఆపరేటరు. ఊరు చేరాక చర్చి పిల్లలకు సాయంత్రాలు లెక్కలు చెప్పడంతో ఆ పేరు నిలిచిపోయింది. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, ఎప్పుడూ ఉతికిన బనీనుతో ఉండేవారు. నోటికన్నా ఆయన వేళ్ళకు మాట ఎక్కువ. చుక్కలూ గీతలూ కొట్టే మోర్స్ కోడ్‌లో అక్షరాలు వానజల్లులా రాల్చేవారు. నేనూ ఆ పరీక్ష రాసినవాణ్ణే. గట్టెక్కగానే మోర్స్‌ను ఆ గట్టు మీదే వదిలేసి వచ్చాను.

ఆయన రోజూ ఉపగ్రహం మీద కలిసేది ఒక్కరినే, పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడిన తమ్ముడు ప్రకాశాన్ని. మాట్లాడేవారు అనడానికి లేదు. పదకొండేళ్ళుగా అన్నదమ్ములకు మాటల్లేవు.

ఆ కథ నాకు చెప్పింది మాస్టారి భార్య కరుణమ్మ గారు. వాళ్ళ తల్లి పోయినప్పుడు తుపాను. అండమాన్ నుంచి ఓడా లేదు, విమానమూ లేదు. ఒక్క రోజు ఆగమని తమ్ముడు ఫోన్‌లో ఏడ్చాడు. అన్న ఆగలేదు, సమాధి చేసేశారు. ఇక నీతో మాట్లాడితే ఒట్టు అన్నాడు తమ్ముడు. ఈయన బైబిలు మీద చెయ్యి వేసి, నాకూ ఒట్టే అన్నారు.

అయితే రేడియోలో ఒక మర్యాద ఉంది. ఎవరైనా ఉంటే పలకండి అని ఒక స్టేషను పిలిచినప్పుడు, విన్నవాడు పలకాలి. పిలిచింది ఎవరని చూసుకోకూడదు. ఒక పొద్దున్న ఉపగ్రహం మీద ప్రకాశం అలా లోకాన్నంతా పిలిచాడు. విన్నది అన్న. మర్యాద మర్యాదే కనుక పలికారు. ఇద్దరూ మోర్స్‌లోనే తమ స్టేషను గుర్తులు చెప్పుకున్నారు. సంకేతం ఎంత స్పష్టంగా అందిందో చెప్పే మూడంకెలు, ఐదు తొమ్మిది తొమ్మిది, ఇచ్చిపుచ్చుకున్నారు. శుభమని ముగించారు. ఆ రోజు నుంచి రోజూ అదే తంతు. ఒక్క అక్షరం ఎక్కువ లేదు, ఒక్క రోజు తక్కువ లేదు.

ఒట్టు మాటల మీద కదా. అంకెలు మాటలు కావని ఇద్దరూ ఎవరికి వారే తీర్పు చెప్పుకున్నారు.

"మాటల్లేవు గానీ నెంబర్లున్నాయి బాబూ," అన్నారు కరుణమ్మ గారు. "ఆ నెంబరు రాకపోతే ఈయనకి అన్నం సయించదు."

అప్పటికి ముప్ఫై రోజులుగా నెంబరు లేదు. యాంటెన్నా ఉత్తరం వైపు బిగుసుకుపోయి ఉంది. ఉపగ్రహం బాగా దగ్గరగా వచ్చినప్పుడు ఎవరెవరివో సంకేతాలు పీలగా వినబడేవి, తమ్ముడిది మాత్రం కాదు. అదంతా యాంటెన్నా తప్పేనని మాస్టారి నమ్మకం.

మీటరు ముల్లు సున్నా దగ్గర చచ్చినట్టు పడి ఉంటే ఎవరైనా ముందు వైరు చూస్తారు. నేను సాఫ్ట్‌వేర్ చూశాను. పాతది పాడైందని తేల్చి కొత్తది ఎక్కించాను. మనం భూమ్మీద ఎక్కడున్నామో, అంటే మన రేఖాంశం అంకె, దానికి చెప్పాలి. అది పడమటి వాళ్ళు రాసుకున్నది, పడమర వాళ్ళకు కూడిక, తూర్పు తీసివేత. నేను తీసివేత గుర్తు పెట్టలేదు. జిల్లా మునిగింది అప్పుడే. తెర మీద ఉపగ్రహం రావలసిన వేళకు రాకుండా అర్ధరాత్రి వస్తానంటుంటే, వేసవి కదా, గడియారం వేడెక్కిందేమో అనుకున్నాను. రెండో ఆదివారం డాబా ఎక్కి మోటారు విప్పాను. మోటారు నిక్షేపంలా ఉంది. తిరిగి బిగించేటప్పుడు ఒక మరమేకును వీధిలోకి జారవిడిచాను.

మూడో ఆదివారం బస్సులో వెళ్తుండగా గుర్తు సంగతి తట్టింది. సిగ్గు విడిచి బావకు ఫోన్ చేసి చెప్పాను.

"తుపానొస్తే ఊరో రెండూళ్ళో మునుగుతాయి," అన్నాడు బావ. "నువ్వు జిల్లాకి జిల్లా ముంచీసినావు కదరా. ఈపాలి తుపానుకి నీ పేరే ఎడతారు సూడు."

ఆ రోజు గుర్తు సరిచేశాను. తెర మీద ఉపగ్రహం వేళకు, దిక్కుకు కుదురుగా వచ్చింది. పెట్టె మాత్రం కదల్లేదు. నేను తల గోక్కుంటుంటే మాస్టారు పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తొందరపెట్టడం లేదంటూనే, తనకు ఎక్కువ టైము లేదని చెప్పారు. గుండెకు ఆపరేషన్ కూడా దండగేనని విశాఖలో డాక్టరు తేల్చేశాడట.

"ఈపాలి ఆడికి నెంబరుతో పాటు ఒక ముక్క సెప్పాలి బాబూ," అన్నారు.

ఆ ముక్క ఏమిటో నేను అడగలేదు. ఆయనే చెప్పారు, గోడ వైపు చూస్తూ. తల్లి పోయే ముందు చెయ్యి పట్టుకుని కూర్చున్నది తను. పదిరోజులు మంచం పక్కన నిద్ర మానుకున్నది తను.

"నా సెయ్యి పట్టుకొని అమ్మ ఆడి పేరు పిలిసింది. మూడు సార్లు. నా పేరు కాదు. ఆ కోపానే నేను ఆగనేదు. అమ్మ నిన్నే పిలిసిందిరా అని ఆడికి సెప్పనేదు. పదకొండేళ్ళయ్యింది."

ఒక్క ఫోన్ చేస్తే పోతుంది కదా మాస్టారూ అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశారు. ఫోన్ అంటే నోటితో చెప్పడం, ఒట్టు తప్పడం. రేడియో అలా కాదు.

"ఏలు నోరు కాదు కదా," అన్నారు చూపుడువేలు ఆడిస్తూ.

అప్పుడు నాకు పట్టుదల వచ్చింది. వచ్చినందుకు వైరు పట్టుకుని పెట్టె నుంచి మోటారు దాకా వెళ్ళాను, మొదటి రోజే చేయవలసిన పని. ఇంటి వెనక నీళ్ళ ట్యాంకు మరుగున వైరు తెగి ఉంది. ఎలుక కొరికితే పీచుపీచుగా ఉంటుంది. ఇది కత్తిపీట మీద పెట్టి కోసినట్టు నున్నగా ఉంది. రెండు కొసల మధ్య జానెడు ఎడం.

టేపు తీస్తుండగా వెనక కరుణమ్మ గారు నిలబడి ఉన్నారు.

"దాన్ని నేనే కోసీసినాను బాబూ," అన్నారు.

ప్రకాశం పోయి అప్పటికి నెలా పదిహేను రోజులు. వాళ్ళ పెద్దవాడు ఆమె ఫోన్‌కు కబురు చేశాడు. మాస్టారికి చెప్పొద్దని డాక్టరూ అన్నాడు, పాస్టరు గారూ అన్నారు. కబురు దాచడం తేలికే. రోజూ పదిన్నరకు వచ్చే నెంబరు రాకపోతే ఎలా దాస్తారు? అందుకని ఆ పూటే వైరు కోసేశారు.

"ఇది పాడయ్యిందనుకుంతే ఆయనకి ఆశుంతాది. బాగయ్యిందనుకో, తమ్ముడు పలకనేదని తెలిసిపోద్ది. నువ్వు ఇన్నాళ్ళూ సేసినట్టే సెయ్యి బాబూ. సేస్తన్నట్టే ఉండు, అవ్వకుండా ఉండు."

నా చేతకానితనానికి జీవితంలో మొదటిసారి గిరాకీ వచ్చింది. ఒప్పుకున్నాను. దయ అనుకుని ఒప్పుకున్నాను. డాక్టరు వద్దనడంతో ఇన్నాళ్ళూ పెరట్లోకి రాలేదు గానీ, మాస్టారు తనే వైరు చూసి అతికించుకోగల మనిషి కనుక పెట్టె వెనక ఫ్యూజు కూడా తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. హైదరాబాదు నుంచి ఒక భాగం రావాలని ఆయనకు చెప్పాను. రానీ, అన్నారు. ఉపగ్రహం వచ్చే వేళయింది కదా, ఉత్తినే విందాం అంటూ రేడియో ఆన్ చేసి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు.

ఇక్కడి నుంచి నేను చూసింది చూసినట్టు రాస్తాను.

టైము పదీ ముప్ఫై నాలుగు. పెట్టెకు కరెంటు లేదు, ఫ్యూజు నా జేబులో ఉంది. మోటారుకు వెళ్ళే వైరు తెగి ఉంది. మోటారు ఎటు తిరిగిందో ముల్లుకు కబురు రావలసిందీ ఆ వైరులోంచే. ముల్లు సున్నా మీద నుంచి లేచింది. దూకలేదు, ఊగలేదు. మోటారు మామూలుగా తిరిగే వేగంతో, తొంభై దాటి, నూట ఇరవై దాటి, నూట ఇరవై ఎనిమిది దగ్గర ఆగింది. కంప్యూటర్ తెర మీద ఉపగ్రహం ఆ క్షణాన వాయవ్యంలో ఉంది. అంటే ముల్లు చూపే దిక్కుకు దాదాపు వీపు వెనక.

నేను పెరట్లోకి పరుగెత్తాను. యాంటెన్నా ఆగ్నేయంగా సముద్రం వైపు తిరిగి ఉంది. గాలి లేదు. దండెం మీద ఆరేసిన దుప్పటి అంచు కూడా కదలడం లేదు. ఫోన్‌లో దిక్సూచి పెట్టి చూశాను. నూట ఇరవై ఎనిమిది. ట్యాంకు వెనక్కి వెళ్ళి వైరు చూశాను. రెండు కొసలూ అలాగే జానెడు దూరంలో ఉన్నాయి.

లోపలికి వచ్చేసరికి మాస్టారి వేలు మోర్స్ కొట్టే కీ మీద ఉంది. చాలాసేపు కొట్టారు, అంకెలకు పట్టే టైముకన్నా చాలా ఎక్కువ. ఆపి విన్నారు. మళ్ళీ కొట్టారు, మళ్ళీ విన్నారు. తర్వాత హెడ్‌ఫోన్లు తీసి నా వైపు తిరిగారు. కళ్ళలో నీళ్ళున్నాయి.

"బాగు సేసీసినావు బాబూ. పలికినాడు. నెంబరిచ్చినాడు," అన్నారు. హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టి, "ముక్క మాత్రం అందనేదంట. మల్లీ సెప్పమంతన్నాడు," అన్నారు.

కరుణమ్మ గారు గుమ్మంలో ఉన్నారు. ఆమె మాస్టారి వైపు కాదు, నా వైపు చూశారు. నేను జేబులోంచి ఫ్యూజు తీసి చూపించాను. ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయారు.

ఇక్కడ మా హ్యామ్‌ల పద్ధతి ఒకటి చెప్పాలి. మనం పంపింది అవతలివాడికి అందిందని వాడు చెబితేనే ఆ పలకరింపు లెక్కలోకి వస్తుంది. పలకరింపులన్నీ రాసుకునే లాగ్ పుస్తకంలో అందిందనే గడి నిండుతుంది. చెప్పకపోతే గడి ఖాళీ. ఓడల మీద పాతికేళ్ళు పనిచేసిన మనిషి గడి ఖాళీగా వదిలి లేవలేడు. అందేదాకా పంపుతూనే ఉంటాడు.

మర్నాడూ అదే జరిగిందట. ఆ మర్నాడూ. రోజూ అదే టైముకు, ఉపగ్రహం ఆ రోజు ముందొచ్చినా వెనకొచ్చినా, ముల్లు నూట ఇరవై ఎనిమిదికి వెళ్ళేది. అట్లాసు తెచ్చి కళింగపట్నం మీద కోణమాని పెట్టి గీత గీశాను. ఆ గీత సముద్రం దాటి పోర్ట్ బ్లెయిర్ మీదుగా పోయింది.

ఆదివారాలు కాక సెలవులు కూడా పెట్టి వెళ్ళాను. ఎక్కడో నా తప్పు ఉండే ఉంటుందని నా నమ్మకం, అప్పటిదాకా అది వమ్ము కాలేదు కూడా. కంప్యూటర్ కట్టేశాను. మాస్టారికి తెలియకుండా రేడియో వెనక నుంచి యాంటెన్నా వైరు పీకేశాను. ఆయన అయినా విన్నారు, అయినా రాసుకున్నారు. రెండో హెడ్‌ఫోన్ పెట్టుకుని నేనూ విన్నాను. నూనెలో తడి గరిట పెట్టినట్టు సుయ్‌మనే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఫోన్‌లో రికార్డు చేశాను. అందులోనూ అదే.

ఒక్కసారి మాత్రం, మూడో వారంలో, ఆ చప్పుడు అడుగున ఏదో ఉన్నట్టనిపించింది. రెండు పొట్టివి, రెండు పొడుగువి, రెండు పొట్టివి. మోర్స్‌లో అది ప్రశ్నార్థకం. ఏమిటీ, మళ్ళీ చెప్పు అని. నాకు ఇప్పటికీ గుర్తున్న కొద్ది గుర్తుల్లో అదొకటి, పరీక్షలో అర్థంకాని ప్రతిచోటా నేను రాసింది అదే కనుక. విన్నానని ప్రమాణం చేయలేను. ఆ రోజు రికార్డు చేయలేదు.

మాస్టారు చిక్కిపోయారు. మొదట్లో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు వాక్యం మొత్తం పంపేవారు, అమ్మ ఆఖరున నీ పేరే పిలిచిందిరా అని. అందకపోయేసరికి వేగం తగ్గించారు. చిన్నపిల్లలకు పలక మీద నేర్పినట్టు ఒక్కో అక్షరం విడివిడిగా కొట్టేవారు. తర్వాత మాటలు తగ్గించారు. నీ పేరే పిలిచింది. ఆ తర్వాత, అమ్మ పిలిచింది. ప్రతిసారీ ఆగి, కళ్ళు మూసుకుని విని, తల అడ్డంగా ఊపేవారు.

నిజం చెప్పేద్దామని కరుణమ్మ గారితో అన్నాను. కనీసం పంపడం మానేస్తారు కదా అన్నాను.

"ఏటని సెప్తావు?" అన్నారామె. "పోయినోడు రోజూ పలుకుతన్నాడనా?"

ఆ మాట అని ఆమె పెరట్లోకి వెళ్ళిపోయారు.

చివరి వారంలో ఆయన పంపింది ఒకటే మాట. అమ్మ. మోర్స్‌లో నాలుగక్షరాలు, ఎంత నెమ్మదిగా కొట్టినా నాలుగైదు సెకన్ల పని. నేను పక్కనే కూర్చుని లెక్కపెట్టాను. ఆ పూట ఇరవై రెండు సార్లు పంపారు. ఇరవై రెండు సార్లూ మళ్ళీ చెప్పమన్నాడట.

"అమ్మ అన్నా అందనేదంతే ఇంకేటి సెప్పాల బాబూ," అన్నారు నాతో. అది నన్ను అడిగిన ప్రశ్న కాదు.

ఆ గురువారం కరుణమ్మ గారు కాలేజీకి ఫోన్ చేయించారు. నేను వెళ్ళేసరికి మాస్టారిని మంచం మీద పడుకోబెట్టారు. పోయింది కుర్చీలోనే, కీ పక్కన. లాగ్ పుస్తకం తెరిచే ఉంది. ఆ రోజు గీతలో టైము ఉంది, తమ్ముడి స్టేషను గుర్తు ఉంది, ఐదు తొమ్మిది తొమ్మిది ఉంది. అందిందని రాయవలసిన గడి ఖాళీగా ఉంది. వెనక పేజీలు తిప్పాను. ఆ ఆదివారం నుంచి అన్ని గడులూ ఖాళీయే.

వైరు అతికించి ఉంటే, పలికేవాళ్ళు లేరని ఆయనకు మొదటి వారంలోనే తెలిసేది. ఆ దెబ్బకు పోయేవారేమో, ఏడ్చి ఊరుకునేవారేమో. నేను అతికించలేదు. ఇది ఎన్నోసార్లు అటూ ఇటూ తిప్పి చూశాను, ఎటు తిప్పినా నా వైపే ఆగుతుంది.

సమాధి అయ్యాక యాంటెన్నాను దింపి విప్పేశాను. పెట్టెను కరుణమ్మ గారు చీర గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టారు. ఇంట్లో వద్దన్నారు. ఒళ్ళో పెట్టుకుని బస్సులో విజయనగరం తెచ్చి ల్యాబ్‌లో బీరువా పక్క అరలో పెట్టాను. మోటారు లేదు, వైరు లేదు, ఫ్యూజు లేదు. ముల్లు సున్నా మీద.

పదిరోజులకేమో, పదిన్నర దాటాక అటు వెళ్తూ చూశాను. ముల్లు నూట ఇరవై ఎనిమిది మీద ఉంది. చూస్తుండగానే కదిలి వెనక్కి వచ్చి డెబ్బై ఒకటి దగ్గర ఆగింది. కాసేపుండి మళ్ళీ నూట ఇరవై ఎనిమిదికి వెళ్ళింది. మళ్ళీ డెబ్బై ఒకటి.

రోడ్డు మీద లారీల అదురనుకుని పెట్టె కింద స్పాంజి వేశాను. అయస్కాంతమేదో లాగుతోందనుకుని ఇనుప బీరువాలో పెట్టి, తలుపు సందులోంచి చూశాను. తేడా లేదు. చివరికి పాత అట్లాసే తీసి, ఈసారి విజయనగరం మీద కోణమాని పెట్టాను. నూట ఇరవై ఎనిమిది దాదాపుగా పోర్ట్ బ్లెయిర్. డెబ్బై ఒకటి కళింగపట్నం.

బావకు చెబితే ఎగతాళి చేస్తాడనుకున్నాను. చేయలేదు. దాన్ని గోదాట్లోనో సముద్రంలోనో పడీమన్నాడు. సముద్రంలో పడేసే ధైర్యం నాకు లేదు. వాళ్ళిద్దరికీ మధ్య ఉన్నది ఆ సముద్రమే.

తర్వాత కొన్నాళ్ళకు ఆ ఉపగ్రహం కూడా బ్యాటరీ అయిపోయి మూగబోయింది. పదిన్నరకు ఇక ఆకాశంలో ఎవరికీ ఏమీ లేదు. ముల్లు మాత్రం అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఒకరు చెప్పడం, ఒకరు అందలేదనడం. అది నా ఊహే. ముల్లు ఏమీ చెప్పదు, అంకె చూపిస్తుంది అంతే. కానీ ఆ రెండు అంకెల మధ్య తిరగడం చూస్తుంటే నాకు ఆ కుర్చీ, ఆ వేలు గుర్తొచ్చేవి. నేను పదిన్నరకు పనులు మానుకుని దాని ముందు నిలబడటం మొదలుపెట్టాను. ఎప్పుడో ఒక రోజు ఆగుతుందేమో, ఆగితే అందిందని అర్థమేమో అని. రెండేళ్ళు చూశాను. ఆగలేదు.

దిక్కుమాలిన పెట్టె అని ఎన్నిసార్లు తిట్టానో. కోపం వచ్చింది, అది మనుషులు ఎక్కడున్నారో అంత కచ్చితంగా చూపించగలిగి, ఒక్క మాటను దాటించలేకపోయినందుకు. నేను దాని కన్నా గొప్పగా ఏమీ చేయలేదనుకోండి. అయినా కోపం ఎవరో ఒకరి మీద చూపించాలి కదా.

ఒక పొద్దున్న, పది కొట్టాక, మీటరు మీది గాజు విప్పాను. చిన్న పట్టకారు తీసుకుని ముల్లు పీకేశాను. వెంట్రుకంత తేలికగా వచ్చింది. రెండుగా విరిచి, కిటికీలోంచి కాలేజీ మురిక్కాలువలో పడేశాను.

పదీ ముప్ఫై నాలుగుకు ఆ మీటరు ముందు కూర్చున్నాను. తెల్లటి పళ్ళెం, చుట్టూ అంకెలు, ఏ అంకె మీదా ఏమీ లేదు. లోపల ఇరుసు తిరిగిందో లేదో నాకు తెలియదు. ఇన్నాళ్ళూ ఎందుకు తిరిగిందో అదీ తెలియదు. వాళ్ళిద్దరూ ఇంకా మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు అని అడుక్కుంటూనే ఉంటే, ఇకమీదట ఆ సంగతి నాకు అందదు.